స్కేటింగ్ క్లబ్బులో పిల్లకాయలకీ పేరెంట్స్‌కీ రూల్స్ రాయమన్నారు, ఏం రాయాలో చెప్పండి ప్లీజ్

బైరాగిపట్టెడ_అమ్మ:

అందరికీ నమస్తే. మాది తిరుపతి. మా పాప ఐదో క్లాసు, మూడేళ్ల నుంచి స్కేటింగ్ నేర్చుకుంటా ఉంది, స్పీడ్ కాదు ఆర్టిస్టిక్. తెలియనోళ్ల కోసం ఒక మాట, ఒలింపిక్స్‌లో ఐస్ మీద గిరగిరా తిరుగుతారు, ఎగిరి గాల్లో చుట్టు కొట్టి ఒంటికాలి మీద దిగుతారు గదా, అదే పని నాలుగు చక్రాల క్వాడ్స్ మీద చేసేది. మన ఊర్లో ఐస్ రింక్ యాడుంది, కాబట్టి మాకు ఫిగర్ స్కేటింగ్ అంటే ఇదే.

విషయం ఏమంటే పోయిన నెల క్లబ్బులో గొడవ అయింది. సాయంత్రం ఐదున్నర బ్యాచ్, రింగు ఒకటే, దాంట్లోనే స్పీడ్ పిల్లకాయలు, ఆర్టిస్టిక్ వాళ్లు, కొత్తగా చేరిన బుడ్డోళ్లు అందరూ తిరగాల. జిల్లా మీట్ దగ్గరికి వచ్చిందని సార్ ఒక్కొక్కరికీ మ్యూజిక్ వేసి ప్రోగ్రామ్ చేయిస్తా ఉన్నారు. ఒక పాప మ్యూజిక్ నడస్తా ఉంటే ఏడేళ్ల పిలగాడు అడ్డంగా వచ్చేసినాడు, ఇద్దరూ పడినారు, పెద్ద దెబ్బలేం తగల్లేదు, స్వామి దయ. కానీ ఆ పాప వాళ్ల నాన్న ఫెన్సింగ్ దాటుకోని చెప్పులతోనే రింగులోకి దిగి ఆ చిన్నోడి మీద అరిచినాడు. చిన్నోడి వాళ్లమ్మ ఊరుకుంటుందా, ఆమె కూడా వచ్చింది. ఆ రాత్రికి వాట్సాప్ గ్రూపులో రెండు పార్టీలు అయిపోయినాయి. ఎవరో పాప పడిన వీడియో స్టేటస్ పెట్టుకున్నారు కూడా, అది చూసి ఆ పాప రెండు రోజులు ప్రాక్టీసుకే రాలేదు. నాకు ఆ గొడవకన్నా ఇదే జాస్తి బాధ అనిపించింది.

ఇప్పుడు సార్ నన్ను పిలిచి, మేడం మీరు టీచరు కదా, పిల్లకాయలు ఎట్లుండాల, పేరెంట్స్ ఎట్లుండాల అని ఒక పేపరు రాయండి, అడ్మిషన్ అప్పుడే సంతకం పెట్టించుకుందాం అన్నారు. రాద్దామని కూర్చుంటే 'క్రమశిక్షణతో మెలగవలెను' లాంటివే వస్తా ఉన్నాయి, అట్లాంటివి మా స్కూలు గోడల మీద ఎన్ని రాసినా ఎవరూ చదవరు. నిజంగా పనికొచ్చే రూల్స్ కావాల. మా అక్క కూతురు ఎస్వీ మ్యూజిక్ అండ్ డాన్స్ కాలేజీలో నాట్యం నేర్చుకుంది, అక్కడ గురువుగారు చెప్తా ఉంటే పేరెంట్స్ ఒక్కరు కూడా నోరు తెరిచేది నేను చూడలేదు. రింగు దగ్గర మాత్రం అందరమూ కోచ్‌లమే, నేను కూడా 'చేతులు పైకి, చేతులు పైకి' అని అరిచినదాన్నే, దాచుకునేది ఏముంది. తప్పు చేస్తే ఫైన్ వేయాలా వద్దా, పేరెంట్స్‌ని అసలు లోపలికి రానివ్వకుండా చేస్తే బాగుంటుందా, తెలిసినోళ్లు చెప్పండి.

చిత్తూరు_నాన్న:

అక్కా, మీరు చెప్పిన ఆ నాన్న లాంటోడినే నేను, అందుకే రాస్తా ఉన్నా. మాది చిత్తూరు, మా వాడికి ఇప్పుడు పన్నెండు. వాడు చేరిన మొదటి రెండేళ్లు నేను ఫెన్సింగ్ వదల్లేదు, కోచ్ ఒకటి చెప్తే నేను యూట్యూబ్‌లో చూసింది ఇంకోటి చెప్పేది. బూట్లకి చక్రాలకి అప్పు చేసి పెట్టినాను, ఆ డబ్బులు గుర్తొచ్చినప్పుడల్లా నా గొంతు పెరిగేది, ఇది ఒప్పుకోవాల. ఒకసారి వేరే జిల్లాలో మీట్‌కి పోయినాం, వాడు ఆక్సెల్ అనే జంప్ దగ్గర పడినాడు, బయటికి వచ్చినాక అందరి ముందర 'ఇందుకేనా నిన్ను తెల్లారి నాలుగున్నరకి లేపి తెచ్చేది' అన్నాను. బస్సులో ఇంటికి వచ్చేదాకా వాడు కిటికీ వైపే చూస్తా కూర్చున్నాడు, టీ తాగుతావా అన్నా పలకలేదు.

నన్ను మార్చింది మాత్రం మా కోచ్ చూపించిన ఒక వీడియో. ఆయన నన్ను ఏమీ అనలేదు, వాడి జంప్స్ పది వరసగా పెట్టి, అన్నా ల్యాండింగ్ అప్పుడు వాడి తల చూడు అన్నాడు. ప్రతి జంపుకీ కాలు కింద ఆనకముందే వాడి తల నేను కూర్చునే వైపుకి తిరుగుతా ఉంది. నాన్న మొహం ఎట్లుందో అని చూసుకుంటా ఉన్నాడు బిడ్డ. తల తిరిగితే భుజం తిరుగుతుందంట, భుజం తిరిగితే కింద కాలు ఆగదంట, వాడు పడేది అందుకేనంట. అంటే నేను ఏ పడిపోవడానికి తిట్టేవాడినో ఆ పడిపోవడానికి కారణం నేనే. ఆ రోజు బండి మీద ఇంటికి పోతా ఉంటే కండ్లు కనపడలేదు నాకు.

ఇప్పుడు నేను గేటు దగ్గర మెట్ల మీద కూర్చుంటా, కనపడతా కానీ గమ్మున ఉంటా. బండెక్కినాక వాడు మాట్లాడితే మాట్లాడతా, లేదంటే లేదు. తల తిరగడం ఆగేదానికి ఐదారు నెలలు పట్టింది, ఒక్క రోజులో పోలేదు. కాబట్టి మీ పేపర్లో మొదటి లైను ఇదే రాయండి, రింగులో ఉన్నంతసేపు బిడ్డ చెవిలో పడాల్సింది ఒకే గొంతు, అది కోచ్‌ది.

ఎనిమిది_చక్రాలు:

నేను చిన్నప్పుడు స్కేటర్ని, ఇప్పుడు సాయంత్రాలు చిన్న పిల్లలకి నేర్పిస్తా ఉన్నా. చిత్తూరు అన్న రాసింది అక్షరాలా నిజం, నేను చూసే పిల్లల్లో ఇట్లా తల తిప్పేవాళ్లు శానా మంది ఉండారు.

మేడం, నా సలహా ఏమంటే పేపరు మర్యాదతో మొదలుపెట్టొద్దు, దెబ్బలతో మొదలుపెట్టండి. ఈ ఆటలో చాలా రూల్స్ ఎముకలు విరక్కుండా ఉండేదానికి పుట్టినవి, కారణం చెప్తే ఏడేళ్ల వాడు కూడా వింటాడు. ఉదాహరణకి లట్జ్ జంప్ చేసేవాళ్లు చానా దూరం వెనక్కి జారుకుంటా వస్తారు, వాళ్ల వెనకాల ఎవరున్నారో వాళ్లకి కనపడదు, అందుకని వాళ్లు చూసుకోవాలని కాదు, మిగతావాళ్లే తప్పుకోవాల. స్పిన్‌లో ఉన్నోళ్లకి కూడా ఏమీ కనపడదు, ఎత్తిన కాలు చక్రాలతో సహా తిరుగుతా ఉంటుంది, ఒక కాలు వెనక్కి అడ్డంగా చాపి తిరిగే క్యామెల్ స్పిన్ అయితే ఆ కాలు సరిగ్గా చిన్న పిలగాడి మొహం ఎత్తులో వస్తుంది. ఇది వాళ్లకి ఒకసారి ఆగి చూపిస్తే సాలు, మళ్లీ దగ్గరికి పోరు. అందరూ ఒకే దిక్కుగా తిరగాల, గడియారం ముల్లుకి ఎదురు దిక్కు అని మేము నేర్పిస్తాం. మ్యూజిక్ ఎవరిది నడస్తా ఉంటే దారి వాళ్లది, తర్వాత సార్ దగ్గర పాఠం చెప్పించుకుంటా ఉన్నోళ్లది, తర్వాతే మిగతావాళ్లది. పడితే వెంటనే లేవాల, కూర్చోని ఏడవాలనిపిస్తే పక్కకి వచ్చి ఏడవొచ్చు ఏం తప్పులేదు, లేచేటప్పుడు వేళ్లు ముడుచుకోవాల, పరిచినామా ఎవరి చక్రమైనా ఎక్కుతుంది.

ఆ నాన్న చెప్పులతో లోపలికి వచ్చినాడు అన్నారు గదా, అది మర్యాద ఒక్కటే కాదు. చెప్పుకి అంటుకున్న ఒక చిన్న గులకరాయి చాలు, చక్రం కింద పడితే చక్రం అట్లనే నిలబడిపోతుంది, మనిషి ముందుకి పోతాడు. గవదలు పగిలిన పిల్లల్ని చూసినాను. అందుకే ప్రాక్టీసుకి ముందు పది నిమిషాలు రింగు చిమ్మాల, పెద్ద స్కేటర్లు కూడా చిమ్మాల, మెడల్ వచ్చినోడు చీపురు పట్టుకుంటే చిన్నోళ్లకి వేరే పాఠం చెప్పే పనిలేదు. నీళ్ల బాటిల్ రింగు అంచున పెట్టకూడదు, నవంబరు డిసెంబరులో వానలప్పుడు నేల ఆరిందో లేదో చెప్పేది సార్ ఒక్కరే, 'ఇంత దూరం వచ్చినాం కాసేపు చేయించండి' అని అడగకూడదు.

స్కేటర్ల ప్రవర్తన అంటే నాకు ముఖ్యమైంది ఇంకోటి ఉంది. జంప్ పోయిందని టో స్టాపుతో, అంటే స్కేటు ముందర ఉండే బ్రేకుతో, నేలని తన్నడం, పార్ట్‌నర్ మీద కండ్లు ఉరమడం. పెయిర్స్ చేసేవాళ్లలో ఇది ఎక్కువ, లిఫ్ట్ తప్పితే తప్పు ఎవరిదా అని ఇద్దరి అమ్మానాన్నలూ లెక్కలు మొదలుపెడతారు. రోలర్ స్కేటింగ్ ఏషియన్ గేమ్స్‌లోకి మొదటిసారి వచ్చింది 2010 గ్వాంగ్‌ఝౌలో, అప్పుడు మన హైదరాబాద్ అబ్బాయి అనూప్ కుమార్ యామ సింగిల్స్‌లో ఒక కాంస్యం, అవని పంచాల్‌తో కలిసి పెయిర్స్‌లో ఇంకో కాంస్యం తెచ్చినాడు, 2015లో అర్జున అవార్డు కూడా వచ్చింది. మా పిల్లలకి నేను అదే చెప్తా, ఆ రెండో మెడల్ ఒక్కడి వల్ల రాలేదు, పట్టుకునే చేతిని నమ్మితేనే పైకి లేస్తావు, తిట్టినోడి చేతిని ఎవరు నమ్ముతారు.

ఫైన్ మాత్రం వద్దు మేడం. డబ్బులున్నోళ్లు కట్టేసి మళ్లీ అరుస్తారు, లేనోళ్లు పిల్లల్ని మాన్పించేస్తారు. మొదటిసారి సార్ పక్కకి పిలిచి చెప్పడం, రెండోసారి ఆ పేరెంట్ ఒక వారం గేటు బయటే వదిలిపెట్టి పోవడం. తప్పు పెద్దోళ్లదైతే బిడ్డ ప్రాక్టీసు ఆపకూడదు, ఇది తప్పకుండా రాయండి.

డల్లాస్_తిరుపతి_అమ్మాయి:

హాయ్ అక్కా, నేను పుట్టి పెరిగింది కొర్లగుంట, ఇప్పుడు డల్లాస్ దగ్గర ఉంటాం, మా పాప ఇక్కడ ఐస్ మీద నేర్చుకుంటుంది. ఇక్కడ క్లబ్బులో చేరినప్పుడు స్కేటర్‌కి ఒక పేపరు, పేరెంట్‌కి ఒక పేపరు విడివిడిగా ఇచ్చి సంతకం పెట్టించుకుంటారు, మొదట్లో నాకు ఏంటిది అనిపించింది కానీ ఇప్పుడు అర్థం అవుతుంది. మీకు వెంటనే పనికొచ్చేది ఒకటి చెప్తా, ఇక్కడ చాలా రింకుల్లో మ్యూజిక్ నడుస్తున్న పిల్లకి ఒక రంగు బెల్టో జాకెట్టో వేస్తారు, దూరం నుంచి చూడగానే ఇప్పుడు దారి ఈ పాపది అని అందరికీ తెలుస్తుంది. చుట్టుకునే గుడ్డలైతే చక్రాల్లో పడతాయేమో, మన పీఈటీ సార్ల దగ్గర ఫుట్‌బాల్‌కి వాడే బిబ్, చొక్కా మీద వేసుకునే చేతుల్లేని రంగు బనియన్, ఉంటుంది కదా అది బెస్ట్. మీ ఏడేళ్ల బాబుకి ఆ రోజు ఎవరిది టర్న్ అనేదే తెలిసుండదు పాపం, స్పీకర్లో పాట వింటే అది ఎవరిదో వాడికేం తెలుసు.

ఇంకోటి ఇరవైనాలుగు గంటల రూల్. పోటీ అయిపోయిన రోజు మార్కుల గురించి గానీ కోచ్ గురించి గానీ కంప్లైంట్ ఏదున్నా ఒక రోజు ఆగి మాట్లాడాలి, గ్రూపులో కాదు నేరుగా. జడ్జిల దగ్గరికి పేరెంట్ అస్సలు పోకూడదు, ఏదున్నా కోచ్ ద్వారానే. నేను ఒకసారి రాత్రి పదకొండుకి పెద్ద మెసేజ్ టైప్ చేసి, ఈ రూల్ గుర్తొచ్చి పంపలేదు, పొద్దున్న చదువుకుంటే పంపనందుకు ఊపిరి పీల్చుకున్నా.

పిల్ల రింక్ దిగగానే మొదటి రెండు నిమిషాలు ఎవరు ఏం మాట్లాడతారు అనేది కూడా రాయండి అక్కా. 2022 బీజింగ్ ఒలింపిక్స్ చూసుంటారు, రష్యా అమ్మాయి కమీలా వలియేవాకి అప్పుడు పదిహేనేళ్లు, డోపింగ్ గొడవ మధ్యలో ఫ్రీ స్కేట్ చేసి పడుతూ లేస్తూ నాలుగో ప్లేసుకి పోయింది, ఏడుస్తూ బయటికి వస్తే కోచ్ ఆ పిల్లని దగ్గరికి తీసుకోకుండా, పోరాడకుండా ఎందుకు వదిలేశావని అడిగింది, అది ప్రపంచమంతా లైవ్‌లో చూసింది. అప్పటి ఒలింపిక్ కమిటీ ప్రెసిడెంట్ థామస్ బాక్ కూడా అది చూసి చాలా డిస్టర్బ్ అయ్యానని మర్నాడు చెప్పాడు. అదే ఏడాది జూన్‌లో ఐస్ స్కేటింగ్ అంతర్జాతీయ సంఘం ఐఎస్‌యూ వాళ్లు సీనియర్స్‌లో ఆడాలంటే కనీస వయసు పదిహేను నుంచి పదిహేడుకి పెంచాలని ఓటు వేశారు. ఆ సీన్ నా కళ్ల ముందు నుంచి ఇంకా పోలేదు. మా క్లబ్బులో చెప్పేది ఏంటంటే నీళ్లు ఇవ్వండి, జాకెట్ కప్పండి, 'నువ్వు స్కేట్ చేస్తుంటే చూడటం నాకు ఇష్టం' అనండి, అంతే.

రేణిగుంట_తాత:

నేను మనవరాలిని స్కూటర్ మీద తీసుకొచ్చి తీసుకుపోతా ఉంటాను, ఆ పిల్ల అమ్మానాన్న ఇద్దరూ ఉద్యోగాలు. అందరూ మంచి మాటలే రాసినారు కానీ నాకు ఒక భయం ఉండాది. పేరెంట్స్‌ని లోపలికి రానివ్వకుండా చేసేది మాత్రం నేను ఒప్పుకోను. ఆడపిల్ల, పదేళ్లది, చీకటి పడే టైము, బయట గేటు వేసేసి లోపల ఏం జరగతా ఉందో తెలియకపోతే ఎట్లా. కోచ్ మంచోడే, నాకు ఆయన మీద అనుమానం లేదు, ఎవరి మీదా అనుమానంతో చెప్పడంలేదు, కానీ పద్ధతి అనేది మంచోడున్నప్పుడే పెట్టుకోవాల. అరవొద్దు అనండి, సరే అరవను. చూడొద్దు అనొద్దు.

ఇంకొకటి, పేపరు తెలుగులో రాయండమ్మా, తేటగా. నాలాంటోళ్లు, పనికిపోయి వచ్చే తల్లులు ఇంగ్లీషు ఫారం మీద చదవకుండానే సంతకం పెట్టేస్తారు. చదివి వినిపించి సంతకం పెట్టించండి. టర్నుల సంగతి కూడా రాయండి, స్పీకర్ కొనిచ్చినోళ్ల బిడ్డకి రోజూ ముందు టర్ను వచ్చేది నేను ఇంకో చోట చూసినా. కొండ మీద స్వామి దర్శనానికి ఎస్‌ఎస్‌డి టోకెన్ మీద టైము వేసి ఇస్తారే, అట్లా వచ్చిన వరసలో నంబరు వేయండి, ఎవరి టైము వాళ్లకి. వయసు సర్టిఫికెట్ కూడా ఉన్నదే ఇవ్వాల, ఏడాది తగ్గించి చిన్న గ్రూపులో ఆడించేది తప్పు అని నిదానంగా కాదు గట్టిగా రాయండి. అట్లా గెలిపిస్తే ఆ బిడ్డకి మనం నేర్పించేది ఏమి?

డల్లాస్_తిరుపతి_అమ్మాయి:

తాతగారూ మీరు చెప్పింది వందశాతం కరెక్ట్. ఇక్కడ కూడా పద్ధతి అదే, పిల్లా పెద్దా ఇద్దరే ఉండే చోటు ఏదైనా వేరేవాళ్లకి కనపడేలా, ఎప్పుడైనా ఎవరైనా లోపలికి రాగలిగేలా ఉండాలి. కోచ్ పిల్లకి విడిగా మెసేజ్ పెట్టకూడదు, పెడితే అమ్మో నాన్నో ఉన్న గ్రూపులోనే పెట్టాలి. అమెరికాలో సేఫ్‌స్పోర్ట్ అని 2017లో దానికోసమే ఒక సెంటర్ మొదలైంది, కోచ్‌లు ఆ ట్రైనింగ్ చేయాల్సిందే. మన దగ్గర 2012 పోక్సో చట్టం ఉంది కదా, పద్దెనిమిది లోపు పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి, క్లబ్బు పరువు అని దాచిపెడితే అది కూడా నేరమే. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు పేపర్లో కింద పెద్ద అక్షరాలతో వేయండి అక్కా.

టో_స్టాప్:

నేను ఇంటర్ సెకండియర్, ఎనిమిదేళ్లుగా స్కేటింగ్. ఇక్కడ అందరూ పెద్దోళ్లే రాస్తున్నారు కాబట్టి మా వైపు నుంచి కొన్ని చెప్పాలనిపించింది. మేము పడిన వీడియోలు మమ్మల్ని అడక్కుండా స్టేటస్ పెట్టకండి, మీ బిడ్డ వీడియోలో వెనకాల పడిన పిల్ల కూడా ఒకరి బిడ్డే. 'చూడు ఆ పాప నీ తర్వాత చేరి గాల్లో రెండు చుట్లు తిరిగే డబుల్ జంప్ వేస్తోంది' అని మా ముందు అనకండి, ఆ పాప నా ఫ్రెండ్, ఆ మాట విన్న రోజు దాంతో నేను మాట్లాడలేకపోయాను, దాని తప్పేం లేకుండా. బరువు గురించి, కాస్ట్యూమ్ గురించి గ్యాలరీలో కూర్చుని మాట్లాడకండి, వినపడదు అనుకుంటారు కానీ రింగులో అన్నీ వినపడతాయి. నేను తొమ్మిదో క్లాసులో ఒక ఆంటీ మాట విని రెండు నెలలు మధ్యాహ్నం అన్నం మానేశాను, ప్రాక్టీసులో కళ్లు తిరిగి పడేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు.

మా వైపు తప్పులు కూడా ఉంటాయి. సీనియర్లం అని చిన్నోళ్లని పక్కకి తోసేస్తాం, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని తిరుగుతాం, ఓడిపోయినప్పుడు గెలిచినోళ్లకి చెయ్యి ఇవ్వం. అవి రాయండి, సంతకం పెడతాం. కానీ రాసేముందు మమ్మల్ని కూడా ఒకసారి కూర్చోబెట్టి అడగండి మేడం.

బైరాగిపట్టెడ_అమ్మ:

అందరికీ శానా థాంక్స్. టో స్టాప్ అమ్మా, నీ మెసేజ్ మా పాపకి చదివి వినిపించినా, 'అవునమ్మా అన్నీ వినపడతాయి' అనింది, ఇంకేమీ అనలేదు. నేను ఏమేం అరిచినానో అన్నీ గుర్తు చేసుకుంటా కూర్చున్నా ఆ రాత్రి.

పేపరు మొత్తం మళ్లీ మొదట్నుంచి రాసినాను. ఫైన్ తీసేసినా. తాతగారు చెప్పినట్టు తెలుగులోనే, పేరెంట్స్ కూర్చునేది గేటు పక్క మెట్ల మీద, రింగు అంతా కనపడుతుంది అక్కడ్నుంచి, కానీ మాట్లాడకూడదు, సైగలు కూడా చేయకూడదు. పేరెంట్స్ పేజీలో మొదటి లైను ఇట్లా పెట్టినా చిత్తూరు అన్నా, 'నా బిడ్డ రింగులో ఉన్నంతసేపు కోచ్ గొంతు మాత్రమే వినేలా నేను గమ్మున ఉంటాను. బయటికి వచ్చినాక నీళ్లు ఇస్తాను. తప్పుల గురించి బిడ్డ అడిగితేనే మాట్లాడతాను.' వీడియో సంగతి, బరువు మాటలు, వయసు సర్టిఫికెట్, 1098 అన్నీ చేర్చినా. పిల్లకాయల పేజీ మాత్రం ఇంకా ఖాళీగానే పెట్టినా, ఆదివారం పొద్దున చిమ్మడం అయినాక వాళ్లనే కూర్చోబెట్టి రాయిస్తాం, సార్ కూడా సరే అన్నారు. ఆ చిన్నోడి వాళ్లమ్మకి, పాప వాళ్ల నాన్నకి ఇద్దరికీ నేనే ఫోన్ చేసినా, ఆమె వస్తానంది, ఆయన ఇంకా ఏమీ చెప్పలేదు, రేపు మళ్లీ చేస్తా.

డల్లాస్ చెల్లీ, బిబ్ గురించి ఒక డౌటు. మా దగ్గర ఒక పాట అయిపోగానే ఇంకో పాట వేసేస్తారు, మధ్యలో బిబ్ మార్చుకునే టైము ఉండదు. మీ దగ్గర రెండు పెట్టుకుంటారా, తర్వాత టర్ను వాళ్లు ముందే వేసుకుని నిలబడతారా?

డల్లాస్_తిరుపతి_అమ్మాయి:

రెండు పెట్టుకోండి అక్కా, కానీ రంగులు వేరు వేరు ఉండాలి. మ్యూజిక్ నడిచే పాపకి ఆరెంజ్, నెక్స్ట్ పాపకి పసుపు, పసుపు వేసుకున్న పాప గేటు దగ్గరే నిలబడాలి, రింగులోకి రాకూడదు. పాట మారేటప్పుడు సార్‌ని అర నిమిషం గ్యాప్ ఇవ్వమనండి, ఆ గ్యాప్‌లో బిబ్‌లు మార్చుకుంటారు, పిల్లలకి ఊపిరి తీసుకునే టైం కూడా దొరుకుతుంది.